అసర్ లోపల కోరుట్ల

తెల్లవారుజామున నాలుగున్నరకు తలుపు చప్పుడైతే, ఆ రోజుల్లో ఎవరమూ వెంటనే తీసేవాళ్లం కాదు. ముందు లైటు ఆర్పి, కిటికీ పక్కన నిలబడి వినేవాళ్లం.

"పంతులూ, నేనే. సలావుద్దీన్‌ను. తియ్యి యార్."

తీశాను. వాకిట్లో సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. క్యారియర్ మీద చిన్న రేకుపెట్టె, దాని మీద తెల్లబట్టలో చుట్టిన షేర్వాణీ. రెండింటినీ పాత ట్యూబుతో బిగించి కట్టాడు.

"బస్సులు లెవ్వు," అన్నాడు. "రాత్రి డిపోల చెప్పిన్రు. బందట. మొన్న అడవిల పోలీసోళ్లు ముగ్గురు అన్నలను కాల్చిన్రు గద, దానికి. ఒక్క చక్రం తిరగదట."

"మరి నికాహ్?"

"అసర్ నమాజు అయినంక, సాయంత్రం ఐదింటికి. నీ సైకిల్ల గాలి ఉన్నదా?"

నేను సిరిసిల్ల జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. సలావుద్దీన్ సాంచెల మెకానిక్. మరమగ్గాలను మా ఊళ్లో సాంచెలంటాం. ఏ ఇంట్లో సాంచె ఆగినా అతనికే కబురు వెళ్లేది. ఇద్దరం జగిత్యాలలో ఒకే గదిలో ఉండి ఇంటర్ చదివాం. నేను పాసై సుద్దముక్క పట్టుకున్నాను, అతను ఫెయిలై రెంచి పట్టుకున్నాడు. ఇద్దరిలో ఊరికి పనికొచ్చినవాడు అతనే.

సయీదా అతని అక్క హుస్సేన్‌బీ కూతురు. నాలుగేళ్లప్పుడు తండ్రి పోతే, పదో తరగతి దాకా సలావుద్దీన్ ఇంట్లోనే పెరిగింది. తర్వాత తల్లి కోరుట్లలో బీడీలు చుట్టే పనికి కుదురుకుని పిల్లను తీసుకుపోయింది. ఆ పిల్లకు కుదిరిన జగిత్యాల అబ్బాయి దుబాయిలో ఏసీలు బాగుచేస్తాడు. పెళ్లి వచ్చే నెలలో అనుకున్నారు. ఇంతలో బొంబాయి ఏజెంటు టెలిగ్రాం కొట్టాడు. సోమవారం విమానం ఎక్కకపోతే వీసా పోతుందని. దాంతో నికాహ్‌ను ఈ శనివారానికి జరిపారు. సాయంత్రం ఆరింటికి బందు అయిపోతుంది. ఏడింటికల్లా పెళ్లికొడుకు జీపులో బయల్దేరి, నిజామాబాద్‌లో బొంబాయి బస్సు ఎక్కాలి.

నికాహ్‌లో పెళ్లికూతురు మగవాళ్ల ముందుకు రాదు. ఆమె తరఫున వకీలుగా ఒకరు, ఇద్దరు సాక్షులను వెంటబెట్టుకుని తెర దగ్గరికి వెళ్లి, ఫలానా అబ్బాయి నీకు సమ్మతమేనా అని అడగాలి. ఆమె ఔనంటేనే కాజీ ముందుకు సాగుతాడు. "మామూ వచ్చి అడిగితేనే హా అంట. వేరేటోళ్లు అడిగితే నోరు తెరువ" అని సయీదా తల్లితో తేల్చి చెప్పిందట. చెప్పిందంటే చేస్తుంది. చిన్నప్పుడు నా భార్య లీల దగ్గర అక్షరాలు నేర్చుకుంటూ, రెండు 'ర'లు ఎందుకో చెప్పేదాకా రెండో 'ఱ' రాయనని పలక పక్కన పెట్టేసిన పిల్ల.

లీల పోయి అప్పటికి పద్నాలుగు నెలలు. సెలవు వస్తే ఇంట్లో కూర్చోలేకపోయేవాణ్ణి. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి తిరగడమే. బందు అంటే రోజంతా అదే పని.

"ఆగు, చెప్పులేసుకుంట," అన్నాను.

కోరుట్ల అరవై కిలోమీటర్ల పైమాట.

వేములవాడ దాకా రోడ్డు మొత్తం మాదే. లారీ లేదు, బస్సు లేదు, ఎడ్లబండి కూడా లేదు. మా రెండు గొలుసుల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఎండిన వాగులో ఇసుక చల్లగా, బూడిదరంగులో ఉంది. దూరంగా గుట్టలు ఒకదాని వెనుక ఒకటి, దగ్గరివి నల్లగా, వెనుకవి నీలంగా. వీపు మీద ఎండ మొదలయ్యేసరికి ఊరు దాటేశాం. ఎవరో పుణ్యాత్ముడు అంత పొద్దున్నే తన టీకొట్టు ముందు రోడ్డు మీద నీళ్లు చల్లి, బందు కాబట్టి తలుపు మూసేసి వెళ్లిపోయాడు. ఆ పది గజాల తడి మీదుగా వెళ్తుంటే పాదాలకు చల్లగాలి తగిలింది.

సలావుద్దీన్‌కు ఇవేవీ పట్టలేదు. అరగంటకోసారి వాచీ చూసుకునేవాడు.

"ఈ సీటు నన్ను పొడుస్తున్నది యార్."

"ఊరందరి సాంచెలు బాగుచేస్తవు, నీ సైకిల్ సీటు బాగుచేసుకోరాదూ?"

"సాంచెల మీద నేను గూసోను గద!"

చందుర్తి దాటాక రోడ్డుకు అడ్డంగా పెద్ద చింతచెట్టు పడి ఉంది. నరికి రెండు మూడు గంటలు కూడా అయినట్టు లేదు. మొద్దు ఇంకా చెమ్మగా ఉంది. కొమ్మకు కట్టిన కాగితం మీద ఎర్రసిరాతో బందు పిలుపు. ఇద్దరం సైకిళ్లను భుజాల మీదికెత్తి, ఆకుల్లోంచి దూరి అటు పక్కకు చేరాం. షేర్వాణీ మూటను ఒక కొమ్మ పట్టుకుని వదల్లేదు. సలావుద్దీన్ చెట్టును బతిమాలాడు. "వదులు తల్లీ, నా బిడ్డ పెండ్లి." అలాంటి చెట్లు ఇంకో మూడు దాటాం. మూడో చెట్టు దగ్గరికి వచ్చేసరికి బతిమాలడం మానేసి తిట్టడం మొదలుపెట్టాడు.

తొమ్మిది దాటేసరికి తారు మెత్తబడింది. మామిడితోట పక్కన తాటాకుల గుడిసె, దాని ముందు ముసలామె. ఆమె పేరు బాలవ్వ అని తర్వాత చెప్పింది. మమ్మల్ని చూసి లేవలేదు. కాని చేతికర్ర దగ్గరికి లాక్కుంది.

"ఎవలయ్యా మీరు? పోలీసోళ్లా, అన్నలా?"

"రెండు గాదవ్వా. పెండ్లోళ్లం," అన్నాడు సలావుద్దీన్.

"గీ ఎండల! సైకిళ్ల మీద! మీ ఇద్దరిల పెండ్లికొడుకు ఎవడు?"

"గీయనే. నలభై ఎనిమిదేండ్లకు కుదిరింది."

ఆమె నవ్వింది. కుండలోంచి అంబలి తోడి ఇద్దరికీ చెరో గిన్నె ఇచ్చింది. ఉల్లిగడ్డ నేల మీద పెట్టి పిడికిలితో గుద్ది పగలగొట్టింది. నేను తాగుతుంటే నా వైపే చూసింది.

"ఇంట్ల ఆడమనిషి లేదా బిడ్డా నీకు?"

"లేదవ్వా. పోయింది."

ఆమె నా గిన్నెలో ఇంకో గరిటె పోసింది. సలావుద్దీన్ గిన్నె కూడా ముందుకు చాపితే, "నీకెందుకురా, నీకు ఇంట్ల ఉన్నది" అంది.

ఆ గరిటెడు అంబలితో రుద్రంగి దాటాం.

తర్వాత వచ్చే ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఊరి మొదట్లోనే బడి. వేసవి సెలవుల్లో అందులో పోలీసుల క్యాంపు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా రెండు డ్రమ్ములు, మీద వెదురు బొంగు. ఒక కానిస్టేబులు నా కాలేజీ గుర్తింపు కార్డు చూశాడు. సలావుద్దీన్ రేకుపెట్టె తెరిపించాడు. అత్తరు సీసా, రుమాలు, కొత్త చెప్పులు, రెండు రెంచీలు.

"పెండ్లికి రెంచీలెందుకు?"

"అలవాటు సార్. అవి లేకుంటే చెయ్యి లేనట్టు ఉంటది."

నవ్వి పొమ్మన్నాడు. పదిన్నర. ఇంకా ఇరవై రెండు కిలోమీటర్లు. గుట్ట ఎక్కినా ఒంటిగంటకు కోరుట్లలో ఉంటాం. సలావుద్దీన్ ముఖంలో పొద్దుటి నుంచి మొదటిసారి కొంచెం వెలుగు కనిపించింది. ఆ సంతోషమే కొంప ముంచింది.

సైకిళ్లు ఎక్కుతుండగా, రోడ్డుకు అవతల మసీదు అరుగు మీద గాజుల మలారం పక్కన పెట్టుకుని కూర్చున్న మనిషి కనిపించాడు. సిరిసిల్లలో ఆయన తెలియనివారు లేరు. ఊరూరా తిరిగి గాజులు అమ్ముతాడు. గడ్డానికి ఇరవై ఏళ్లుగా గోరింటాకు పెడతాడు కాబట్టి, ఆ ఎర్రగడ్డాన్ని బట్టి ఆయన్ను అందరూ లాల్ అనే పిలుస్తారు. బందుకు ఈ ఊళ్లో చిక్కుకుపోయినట్టున్నాడు. పరాయి ఊళ్లో మనవాడు కనిపిస్తే ఎవరికైనా ప్రాణం లేచివస్తుంది. సలావుద్దీన్ చెయ్యి పైకెత్తి, గొంతంతా తెరిచి అరిచాడు.

"లాల్! సలాం!"

నాకు ఒక్క క్షణం తర్వాత గాని అర్థం కాలేదు. కానిస్టేబుళ్లకు అంతసేపు పట్టలేదు. ఆ రెండు మాటలూ కలిపితే అడవిలో వాళ్లు ఒకరినొకరు పలకరించుకునే మాట. క్యాంపు ముందు నిలబడి, చెయ్యి ఎత్తి, లాల్ సలాం!

సైకిళ్లు కిందపడ్డాయి. మా చేతులు పైకి లేచాయి. రెండు తుపాకులు మావైపు, ఒకటి మసీదు వైపు. బడిలోంచి బనియన్ల మీదే ఇంకో నలుగురు పరుగెత్తుకొచ్చారు.

"సార్, సార్, ఆయన పేరు సార్!" అన్నాను. "గా గాజులాయన పేరు లాల్. ఆయనకు సలాం చెప్పిండు. అంతే."

అవతలాయన్ను లాక్కొచ్చారు. హెడ్ కానిస్టేబుల్ నర్సింగం అనే ఆయన, మా ప్రాంతం మనిషే, అడిగాడు.

"నీ పేరేంది?"

ఆయన చేతులు కట్టుకున్నాడు. "బాబా మియా, సాబ్."

సలావుద్దీన్ నా వైపు తిరిగాడు. నేను అతని వైపు. ఇరవై ఏళ్లలో ఆయనకు ఇంకో పేరు ఉంటుందని మా ఇద్దరికీ ఎన్నడూ తోచలేదు.

"నిన్ను లాల్ అంటరా?"

"నై సాబ్."

"వీళ్లు ఎరుకేనా నీకు?"

ఆయన మా ఇద్దరి వైపూ చూశాడు. తర్వాత నేల వైపు. "నై సాబ్. ఎన్నడు సూడలే."

ఎస్సై జీపులో ఎటో వెళ్లాడు, వచ్చేదాకా ఉండాలన్నారు. ముగ్గురినీ బడి వరండాలో కూర్చోబెట్టారు. పదకొండు. పన్నెండు. ఎదురుగా గోడ మీద పిల్లల కోసం రాసిన ఎక్కాలు. పదమూడో ఎక్కంలో ఒక తప్పు ఉంది. పదమూడేడ్లు తొంభై మూడని రాశారు. దాన్ని దిద్దాలని నా వేళ్లు లాగుతూనే ఉన్నాయి. సలావుద్దీన్ మోకాలు ఆడించడం ఆపలేదు. వాచీ చూడటం, ఊపిరి వదలడం, మళ్లీ వాచీ. ఎండ వరండాలోకి జరిగినకొద్దీ నర్సింగం వచ్చి, "గిటు జరుగున్రి" అని మమ్మల్ని నీడలోకి జరిపేవాడు. మూడుసార్లు జరిపాడు. మూడోసారి మట్టిముంత నిండా నీళ్లు కూడా తెచ్చి పెట్టి, మాకేసి చూడకుండా వెళ్లిపోయాడు.

ముంత ముగ్గురి మధ్యా తిరిగింది. సలావుద్దీన్ దాన్ని బాబా మియాకు ఇస్తూ అన్నాడు, మెల్లగా.

"ఎన్నడు సూడలేదా నన్ను? మా ఇంట్ల ఎన్నిసార్లు చాయ్ తాగినవ్?"

"నారాజ్ గాకు భాయ్. పోయినేడు గిట్లనే ఒకన్ని ఎరుకే అన్న. నాలుగు దినాలు కూసోబెట్టిన్రు. వాడు ఎవడో నాకు సరిగ్గ ఎరుక గూడ లేదు, మర్యాదకు అన్న."

"సయీదా నికాహ్ ఇయ్యాల. అసర్ కాడ. నేను పోయి అడగకుంటే అది నోరు తెరువదు. ఏడింటికి పిల్లగాడు బొంబాయి పోతడు."

బాబా మియా ముంత కింద పెట్టాడు. "మన సయీదానా? పొట్టిది? గాజులేస్తుంటె లెక్క పెట్టేది, గా సయీదానా?"

"గదే."

ఆయన ఎర్రగడ్డంలోకి వేళ్లు పోనిచ్చి, తల వంచుకుని కూర్చున్నాడు.

ఎస్సై ఒకటిన్నరకు వచ్చాడు. కోస్తా వైపు కుర్రాడు, ఇరవై ఏడో ఇరవై ఎనిమిదో. మెడ నిండా చెమటకాయలు. కాలరు తగిలినప్పుడల్లా ముఖం ముడుచుకుంటున్నాడు. ఆయనకు మా మీద కోపం కన్నా, ఆ ఊరి మీద, ఆ ఎండ మీద ఎక్కువ ఉన్నట్టు తోచింది. నర్సింగం జరిగింది చెప్పాడు. ఇంకా అడక్కముందే బాబా మియా లేచి నిలబడ్డాడు.

"సాబ్, నేనే లాల్. అందరు గట్లనే అంటరు. వీళ్లు నా ఊరోళ్లు. పొద్దున భయానికి అబద్ధం చెప్పిన."

"పొద్దున ఒక పేరు, మధ్యాహ్నం ఒక పేరు. రాత్రికి ఇంకోటి చెప్తావా? మూడు గంటలు పక్కపక్కనే కూర్చోబెట్టారా వీళ్లని?" అని ఎస్సై నర్సింగం మీద విసుక్కున్నాడు. "ఊళ్లో ఎవర్నన్నా పిలవండి. ఇతన్ని ఏమంటారో వాళ్లే చెప్తారు."

ఎదురింట్లో బియ్యం చెరుగుతున్న శంకరవ్వ అనే ఆమెను తీసుకొచ్చారు. చేట చేతిలోనే ఉంది.

"ఈయనెవరమ్మా?"

"నాకేమెరుక సారూ."

"మీ ఊరికి వస్తుంటాడా?"

"నేను ఇంట్ల నుంచి బయిటికి రాను."

ఆమె రెండు చేతులకూ మోచేతి దగ్గరిదాకా గాజులు ఉన్నాయి. ఎస్సై వాటి వైపు చూశాడు.

"మరి గాజులు ఎవరు వేశారు?"

"ఎవలో ఏసిన్రు. నేను మొఖం సూడలే."

అటు పోతున్న భూమయ్య అనే ముసలాయన్ను ఆపితే, తనకు పోయిన దీపావళి నుంచి కళ్లు కనబడటం లేదన్నాడు. ఇంకొకాయన తాను ఈ ఊరివాణ్ణే కాదన్నాడు. ఆయన భుజం మీద నాగలి ఉంది. వాళ్ల తప్పు లేదు. పగలు ఒకరు అడిగేవారు, చీకటి పడితే ఇంకొకరు. ఎవరికి ఏం చెప్పినా రెండోవాళ్లకు తెలిసేది. ఎరుకలేదు అనే ఒక్క మాటతో ఆ ఊళ్లన్నీ ప్రాణాలు కాపాడుకునేవి. ఆ మాటే ఇవాళ మమ్మల్ని ముంచుతోంది.

సలావుద్దీన్ గోడకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు. వాచీ చూడటం మానేశాడు. అది చూసి నాకు నిజంగా భయమేసింది.

"సార్," అన్నాను లేచి. "అడిగితే ఎవరూ చెప్పరు. అడక్కండి. ఈయన్ను ఊళ్లోకి పోయి గాజులు అమ్మమనండి. మీరు కొంచెం వెనుక నిలబడండి."

"అమ్మితే?"

"ఎప్పుడూ వచ్చేవాడైతే వాళ్లే పిలుస్తారు. ఎలా పిలుస్తారో మీరే వినండి."

ఎస్సై మెడ గోక్కున్నాడు. సరేనని చెయ్యి ఊపాడు.

బాబా మియా మలారం భుజానికెత్తుకుని వీధి మొదట్లో నిలబడ్డాడు. మొదటి కేక మాకే సరిగా వినపడలేదు. గొంతు సవరించుకుని మళ్లీ ఎత్తాడు.

"గాజులమ్మా... గాజులూ... రవ్వల గాజులూ..."

ఎండకు మూసిన తలుపులు. కుక్క ఒకటి లేచి మళ్లీ పడుకుంది. ఆయన పది అడుగులు వేసి ఇంకోసారి కేకేశాడు. సందులోంచి చేతులు తుడుచుకుంటూ ఒక పడుచు గబగబా వచ్చింది. జమున అట ఆమె పేరు. సందులో ఉన్నది కాబట్టి బడి దగ్గర జరిగిందేదీ ఆమెకు తెలియదు.

"ఓ లాల్ సాబూ! బందు నాడు గూడ దుకాణం పెట్టినవా! పోయిన తాప ఇచ్చినయ్ రెండు పలిగినయ్. గీసారన్న గట్టియి ఇయ్యి."

చేట పట్టుకుని ఇంకా మా పక్కనే నిలబడి ఉన్న శంకరవ్వ ఉండబట్టలేకపోయింది.

"గాయన గట్టియి ఎన్నడిచ్చిండే! నాయి గూడ నాలుగు పలిగినయ్. లాల్ సాబూ, నాయి ముందు సూడు!"

అనేసి, నోటికి చేట అడ్డం పెట్టుకుంది.

ముందు నర్సింగం నవ్వాడు. తర్వాత కానిస్టేబుళ్లు. ఎస్సై నవ్వు ఆపుకోబోయి కాలరు గుచ్చుకుని, "అబ్బా" అని నవ్వేశాడు. అప్పటికి టైము రెండున్నర.

"ఏంటండీ మాస్టారూ, మీవాళ్లు! వెళ్లండి. జీపులో దింపమంటారా, కోరుట్ల దాకా?"

"వద్దు సార్," అన్నాం ఇద్దరం ఒకేసారి. మరీ తొందరగా అన్నాం. పోలీసు జీపు దిగి పెళ్లింట్లోకి నడిస్తే ఆ ఇంటికి తర్వాత ఏమవుతుందో ఆయనకూ తెలుసు. ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. 

బాబా మియా పరుగెత్తుకొచ్చి డజను గాజులు కాగితంలో చుట్టి సలావుద్దీన్ చేతిలో పెట్టబోయాడు. "సయీదాకు."

సలావుద్దీన్ కాగితం విప్పి చూశాడు. "ఎర్రయి ఇస్తవా? మళ్ల ఈడనే గూసోబెడుదామనా? పచ్చయి ఇయ్యి!"

ఇచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు గట్టిగా కౌగిలించుకున్నారు. ఈసారి సలాం ఎవరూ పైకి చెప్పుకోలేదు.

ఆ తర్వాత ఇరవై రెండు కిలోమీటర్లను నేను సరిగా చెప్పలేను. గుట్ట ఎక్కేటప్పుడు సైకిళ్లు నెట్టుకుంటూ నడిచాం. టేకుచెట్లకు ఒక్క ఆకు లేదు. ఉన్న ఆకులన్నీ కిందపడి కాళ్ల కింద అప్పడాల్లా విరుగుతున్నాయి. బండలు వేడి కక్కుతున్నాయి. హ్యాండిలు ముట్టుకుంటే కాలుతోంది. రుమాలు చుట్టి పట్టుకున్నాను. మలుపు దగ్గర సలావుద్దీన్ ఆగి, రోడ్డు పక్కన వంగి, పొద్దుటి అంబలి మొత్తం కక్కేశాడు. రాయి మీద కూలబడ్డాడు. ముఖం పాలిపోయి ఉంది.

"నువ్వు పో పంతులూ. నువ్వు పోయి చెప్పు. మామూ రాలేడు, వేరేటోళ్లకు హా అను అని చెప్పు."

"నా మాట ఇంటదా అది? రెండో 'ఱ'కే లీల రెండు నెలలు బతిమాలింది."

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు. అతని సైకిల్ కూడా నేనే పట్టుకున్నాను, చెరో చేత్తో ఒకటి. అతను నా భుజం మీద చెయ్యి వేసుకుని నడిచాడు. రెండు సైకిళ్లూ ఒకదాన్నొకటి గుద్దుకుంటూ, పెడలు నా పిక్కను చీరుతూ, అడుగడుగునా ఆగుతూ. ఎంతసేపు నడిచామో తెలియదు. శిఖరం మీద ఒక్కసారిగా గాలి తిరిగింది. చల్లటి గాలి కాదు గాని, ముఖం మీద చెమట ఆరింది. కింద చెరువు, చెరువు వెనుక మామిడితోటలు, చాలా దూరంలో తెల్లగా ఇళ్లు.

దిగుడు. నేను సైకిల్ ఎక్కాను. అతను కూడా ఎక్కాడు. నాలుగు కిలోమీటర్లు పెడలు తొక్కే పని లేకుండా జారాం. ఆ గుట్టను అక్కడ పెట్టినవాడికి దండం పెట్టుకున్నాను.

కోరుట్ల చేరేసరికి ఆరూ పది. అసర్ ఎప్పుడో అయిపోయింది. సందు మొదట్లో బందుకు ముందే రాత్రి వచ్చిన పెళ్లివారి జీపు, బానెట్ మీద పూలదండ. షామియానా కింద మగవాళ్లందరూ మావైపు తిరిగారు. పెళ్లికొడుకు సన్నగా, కొత్త వాచీతో, అందరికన్నా ముందు లేచి నిలబడ్డాడు. ఇంట్లోంచి హుస్సేన్‌బీ వచ్చి తమ్ముడి వీపు మీద రెండు చేతులతో కొట్టింది.

"ఏడ సచ్చినవ్‌రా! కాజీ సాబ్ రెండుసార్లు లేసిండు! మూడోసారి లేస్తే నేను ఏం జేద్దును?" అని, ఆ కొట్టిన చేతులతోనే అతని ముఖం తుడవడం మొదలుపెట్టింది.

షేర్వాణీ దుమ్ము బట్టల మీదే వేసుకున్నాడు. గుండీలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకున్నాడు. దిద్దే టైము లేదు. ఇద్దరు సాక్షులతో లోపలికి వెళ్లాడు. గుమ్మం దగ్గర చెప్పుల పక్కన నేను ఆగాను. నన్ను లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మని ఎవరూ అనలేదు. ఎవరో వెనుక నుంచి కుర్చీ తెచ్చి నా మోకాళ్లకు తగిలేలా పెట్టారు. కూర్చున్నాను.

తెర ముందు సలావుద్దీన్ నిలబడ్డాడు. నోరు తెరిచాడు. గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. పెదాలు కదిలాయి, అంతే. పొద్దుటి నుంచి అరిచింది, కక్కింది, ఎండ తాగింది, మొత్తం కలిసి గొంతును పట్టేసుకున్నాయి.

"జల్దీ మియా, పొద్దు గూకుతున్నది, మగ్రిబ్ నమాజు అయితున్నది," అన్నాడు కాజీ బయటి నుంచి.

జీపు డ్రైవరు హారను కొట్టి, ఇంజను మొదలుపెట్టాడు. పెళ్లికొడుకు వైపు పెద్దాయన ఒకరు లేచి గుమ్మం దాకా వచ్చాడు. "ఆయనకు గొంతు లేస్తలేదు. నేను అడుగుత, జరుగున్రి. పిల్లగానికి బస్సు పోతది."

ఎవరూ ఆయనకు అడ్డం చెప్పలేదు. హుస్సేన్‌బీ చేతులు నలుపుకుంటూ ఒకసారి తెర వైపు, ఒకసారి జీపు వైపు చూసింది. సలావుద్దీన్ తల వంచుకుని పక్కకు జరగబోయాడు.

"మామూ, పైలే పానీ పియో."

తెర వెనుక నుంచి. ముందు నీళ్లు తాగు అని. చాలా మామూలుగా, బడి నుంచి వచ్చినవాడితో అన్నట్టు అంది. తర్వాత తెలుగులో, అందరికీ వినపడేలా, "ఇంకెవ్వలు అడగొద్దు. మామూ తాగినంక మామూనే అడుగుతడు. నేను ఎటు పోత?"

హుస్సేన్‌బీ గ్లాసు తెచ్చింది. అతను గడగడా తాగాడు. సగం షేర్వాణీ మీద పోయింది. లోపలి నుంచి మళ్లీ, "ఇంకొక్కటి." రెండోది తాగాడు. ఇల్లంతా, సందంతా ఒక మనిషి నీళ్లు తాగడం చూస్తూ నిలబడింది. గుమ్మం దాకా వచ్చిన పెద్దాయన మెల్లగా వెనక్కి వెళ్లి కూర్చున్నాడు.

"ఇగ అడుగు," అంది.

అడిగాడు. రాయి మీద రాయి గీసినట్టుంది గొంతు. అబ్బాయి పేరు, అతని తండ్రి పేరు, ఊరు చెప్పి, ఇంకా "సమ్మతమేనా" దాకా రాకముందే తెర వెనుక నుంచి "హా" వినిపించింది.

"పూర్తిగ అడగనియ్యి బేటీ, ఇద్దరు గవాహులు గూడ ఇనాలె," అన్నాడు కాజీ. కాని ఆయన గొంతులో విసుగు లేదు.

రెండోసారి పూర్తిగా అడిగాడు. మూడోసారి అడిగేటప్పటికి గొంతు కొంచెం అతనిదిలా అయింది. మూడుసార్లూ ఆమె హా అంది. బయట జీపు డ్రైవరు ఇంజను ఆపేసి, దిగి, నికాహ్‌లో కూర్చోవడానికి తలకు రుమాలు కట్టుకున్నాడు.